ఆ మాస్కుల డాన్సు పాట పాడింది రఫీయేనా?

ప్రశ్న: ఈమధ్య ఫోన్‌లో ఏదో చూస్తుంటే పాత హిందీ పాట ముక్క ఒకటి కనబడింది. కళ్లకు మాస్కులు పెట్టుకుని క్లబ్బులో అందరూ పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నారు. గిటార్ మోత వింటే అచ్చం రాక్ అండ్ రోల్. పాడింది రఫీ అంటారు మా తాతయ్య, నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. ఇంతకీ అది ఏ పాట?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ తాతయ్య చెప్పిందే నిజమమ్మా, రఫీయే. 1965లో వచ్చిన ‘గుమ్‌నామ్’ సినిమాలోని ‘జాన్ పెహెచాన్ హో’, సంగీతం శంకర్-జైకిషన్. మీకు అనుమానం రావడంలో తప్పేం లేదు, ఎందుకంటే మనకు అలవాటైన రఫీ మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు పాడతాడు, ఇక్కడేమో గొంతెత్తి ఆ గిటార్లతో పోటీకి దిగాడు. పైగా తెర మీద పాడుతున్నట్టు కనిపించే ఆయన హెర్మన్ బెంజమిన్, అసలు వృత్తి డాన్స్ మాస్టర్. ఆయన వెనక కనిపించే బ్యాండు టెడ్ లయన్స్ అండ్ హిజ్ కబ్స్.

నా కళ్లు మాత్రం ఎప్పుడూ ఆ బంగారు రంగు గౌను అమ్మాయి మీదే ఉంటాయి. లక్ష్మీ ఛాయా. మాస్కులో సగం ముఖం దాగిపోయినా, జుట్టు చెదిరి ముఖం మీద పడుతున్నా పట్టించుకోకుండా తల విదిలిస్తూ ఆడుతుంది చూడండి, అంత ఒళ్లు మరిచిన డాన్సు ఆ కాలం సినిమాల్లో నేనింకోటి చూడలేదు.

ఈ పాటను మళ్లీ బయటికి తెచ్చింది మాత్రం బయటివాళ్లే. 2001లో ‘ఘోస్ట్ వరల్డ్’ అనే అమెరికన్ సినిమా మొదలయ్యేదే ఈ పాటతో, టీవీలో ఈ పాట నడుస్తుంటే హీరోయిన్ తన గదిలో ఒక్కతే వాళ్లతోపాటు చిందులేస్తుంది. 2011లో హైనెకెన్ బీరు ప్రకటనలోనూ వాడారు. అలా మన పాట ఊళ్లన్నీ తిరిగొచ్చి మీ ఫోన్‌లోకి చేరింది, అందుకు నాకు సంతోషమే, కానీ హెర్మన్, లక్ష్మీ ఛాయా పేర్లు కూడా పాటతోపాటు తిరిగుంటే ఎంత బాగుండేదో.

ముక్క చూసి వదిలేయకండి. తాతయ్యను పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో పాట మొత్తం పెట్టండి. ‘మేరా గావ్ మేరా దేశ్’లో ‘మార్ దియా జాయే’ పాటకు ఆడిన అమ్మాయి ఈవిడేనని చెబితే, ఆయన ఠక్కున గుర్తుపడతారు.