చిక్కబడటమా, బిగుసుకోవడమా?

సందేహం: కార్న్‌ఫ్లోర్‌లో కొద్దిగా నీళ్లు కలిపి మెల్లగా తిప్పితే ద్రవంలా కదులుతుంది. గట్టిగా గుద్దితే రాయిలా నిలుస్తుంది. ఒక వ్యాసంలో దీన్ని ‘చిక్కబడటం’ అనీ, బ్రష్ కింద పెయింట్ సులువుగా పరుచుకోవడాన్ని ‘పలచబడటం’ అనీ రాశారు. నీళ్లు తగ్గలేదు, పెరగలేదు కదా! ఈ వాడుక సరైనదేనా?

సమాధానం: మీ అనుమానం న్యాయమైనదే. చిక్కన, పలుచన అనేవి ముఖ్యంగా కూర్పును చెప్పే మాటలు. చిక్కని అడవిలో చెట్లు, చిక్కని నేతలో పోగులు దగ్గరగా ఉంటాయి. సిరా చిక్కబడిందంటే నీరు ఆవిరైందనుకుంటాం. (మనిషి ‘చిక్కిపోయాడు’ అంటే మాత్రం సన్నబడ్డాడని! అది వేరే కథ.) కార్న్‌ఫ్లోర్ మిశ్రమంలో పిండి, నీళ్ల నిష్పత్తి గుద్దకముందూ అంతే, గుద్దాకా అంతే. మారేది రేణువులు ఒకదానితో ఒకటి మెలిగే తీరు.

ఆ మిశ్రమంలో దాదాపు సగం చోటు పిండి రేణువులదే. మెల్లగా కదిపితే వాటి నడుమ నీటి పొర నిలుస్తుంది, ఒకదాన్నొకటి తప్పించుకుంటూ సాగిపోతాయి. జోరుగా తోస్తే ఆ పొర అడ్డు దాటి రేణువులు నేరుగా ఒరుసుకుంటాయి. ఒరిపిడి పుట్టాక పక్కకు జారడం కష్టమై, తోపుకు ఎదురు నిలుస్తాయి. 2014లో భౌతిక శాస్త్రవేత్తలు మాథ్యూ వ్యార్, మైకేల్ కేట్స్ ప్రతిపాదించిన సిద్ధాంతం సారం ఇదే. తోయడం ఆపగానే మళ్లీ పారుతుంది. అందుకే నేనైతే ‘బిగుసుకుంటుంది’ అని రాస్తాను. బిగుసుకున్నది సడలుతుందన్న ధ్వని ఆ క్రియలోనే ఉంది. ‘గడ్డకట్టింది’ అనకూడదు, అది మంచుకు తగిన మాట. ‘గట్టిపడింది’ అంటే సిమెంటులా ఇక వెనక్కి రాదనిపిస్తుంది.

కొన్ని పాత పుస్తకాల్లో వీటిని ‘వ్యాకోచించే ద్రవాలు’ అన్నారు. 1885లో శాస్త్రవేత్త ఆస్బర్న్ రేనాల్డ్స్ వివరించిన సంగతి దీనికి మూలం: దగ్గరగా కూరిన ఇసుక రేణువులు కదలాలంటే ముందు ఎడం కావాలి, అంటే రాశి ఉబ్బాలి. కానీ బిగుసుకునే ప్రతి మిశ్రమమూ ఉబ్బదు. ఆ పేరు వాడకపోవడమే మేలు.

ఇక పెయింట్. కదలకుండా ఉన్నప్పుడు అందులోని రేణువులు, పొడవాటి అణువులు వదులైన అల్లికగా కలిసి ఉంటాయి. బ్రష్ లాగితే అల్లిక తెగి జారుతుంది, ఆపితే మళ్లీ కూడుకుంటుంది, కాబట్టి గోడ మీద నుంచి కారిపోదు. ‘పలచబడింది’ అంటే ఎవరో థిన్నర్ పోశారనుకుంటారు. ‘లాగినప్పుడు తేలిగ్గా జారుతుంది’ అంటే అపార్థానికి చోటుండదు. పారిభాషిక పదమే కావాలంటే ‘స్నిగ్ధత (పారడానికి ద్రవం చూపే నిరోధం) తగ్గుతుంది’ అనండి.

రక్తం విషయంలో ఈ తికమక ఇంకా ఎక్కువ. నెమ్మదిగా పారేటప్పుడు ఎర్రకణాలు నాణేల దొంతరల్లా అతుక్కుంటాయి, వేగం పెరిగితే విడిపోతాయి. అప్పుడు రక్తం స్నిగ్ధత నిజంగానే తగ్గుతుంది. ‘రక్తం పలచబడే మాత్రలు’ అని మనం చెప్పుకునేవి చేసేది ఈ పని కాదు, గడ్డలు కట్టే అవకాశాన్ని తగ్గించడం. వాడుకలో పాతుకుపోయిన ఆ మాటను మార్చమనను గానీ, ప్రవాహం గురించి రాసే వ్యాసంలోకి మాత్రం దాన్ని తీసుకురావద్దు.