ఘాట్‌లో హీటు, నిలబెడితే రేసు

ప్రశ్న: మాది 2014 మోడల్ డీజిల్ పికప్. మదనపల్లె నుంచి తిరుపతికి టమాటా వేస్తాం. తిరుగు ప్రయాణంలో కిరాణా లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. ఊళ్లో ఖాళీగా నిలబెడితే మాత్రం రేసు (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 1,100 నుంచి దిగదు, ఇదివరకు 800 ఉండేది. రెండేళ్ల కిందట మెకానిక్ ‘మన ఎండలకు ఇదెందుకు’ అని థర్మోస్టాట్ తీసేశాడు. ఇప్పుడు రేడియేటర్ మార్చమంటున్నారు. బండి కంప్యూటర్‌లోని అంకెలు, తప్పులు ఫోనులో చూపే ఓబీడీ స్కానర్ కొంటే తప్పు ఎక్కడుందో తెలుస్తుందా? - ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: చాలావరకు తెలుస్తుంది. రేడియేటర్ కొనడం మాత్రం కాస్త ఆపండి. మీరు రాసినదాంట్లో నన్ను టెన్షన్ పెట్టింది ఆ థర్మోస్టాట్ సంగతే.

ఎండ దేశంలో అది దండగ అని చాలామంది నమ్ముతారు. కానీ దాని పని ఇంజిన్‌ను సరైన వేడి దగ్గర నిలపడం. సుమారు 82 డిగ్రీలు వచ్చేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వదు. అది లేకపోతే మామూలు రోడ్డు మీద ఇంజిన్ 60 దగ్గరే ఉండిపోవచ్చు. బండి కంప్యూటర్‌కు అది ఇంకా పొద్దున స్టార్ట్ చేసిన చల్లని ఇంజినే. అందుకే రేసు దించదు, డీజిల్ కూడా ఎక్కువ తాగిస్తుంది.

మరి ఘాట్‌లో హీటెందుకు? చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే, నీళ్లు వెనక్కి తిరిగే పక్కదారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే మళ్లీ ఇంజిన్‌లో పడుతుంది. ఖాళీ బండికి తెలియదు కానీ, లోడుతో ఎక్కేటప్పుడు తట్టుకోలేదు. మీ రెండు బాధలకూ మూలం ఒకటే అయ్యుండొచ్చని నాకు గట్టి అనుమానం.

స్కానర్ కొనేముందు స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉందో లేదో చూసుకోండి. తెల్లవారుజామున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, యాప్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి, లోపలికొచ్చే గాలి వేడి చూడండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. కూలెంట్ అంకె గాలి అంకెకు చాలా దూరంగా ఉంటే సెన్సర్ గానీ దాని వైరు గానీ పోయినట్టే. సరిగ్గా ఉంటే అరగంట నడపండి. 80 దాటి నిలబడకుండా 60 చుట్టూ తిరుగుతుంటే కొత్త థర్మోస్టాట్ వేయించండి. బిగించే ముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి, తెరుచుకుంటోందో లేదో కళ్లారా చూడండి.

ఆ పనిలోనే రేడియేటర్ మూత కూడా చూపించండి. 0.9 బార్ ఒత్తిడిని ఆపే మూత బాగుంటే లోపల నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు చీలితే వందకే మరిగి పోతాయి. బోరు నీళ్లు పోస్తుంటే మానేయండి, పొలుసు కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోసి, లోపలి గాలి మొత్తం తీయించండి.

ఇదంతా చేసినా ఘాట్‌లో ముల్లు లేస్తే అప్పుడు ఫ్యాన్ క్లచ్ (వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను గట్టిగా తిప్పే భాగం), రేడియేటర్ చూపించాలి. ఎక్కడా లీకు లేకుండా నీళ్లు తగ్గుతున్నా, స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలొస్తున్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాల్సిందే. ఆ బండితో ఘాట్ ఎక్కొద్దు.

దారిలో హీటెక్కితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, పక్కకు తీయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. ముఖం, చేతులు కాలిపోతాయి.

ప్రశ్న: మా పాత డీజిల్ పికప్ ఐడిల్‌లో రేసు పైకీ కిందికీ ఊగుతోంది. హీటేమీ లేదు. స్కానర్‌లో ఎర్రర్ కోడ్ కూడా రావడం లేదు. - ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: డీజిల్ పైపులో గాలి పట్టిందేమో ముందు చూడండి. ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా క్లిప్పులు బిగించి, పగిలిన హోసు మార్పించండి. ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు దించండి. ఫిల్టర్ మార్చి చాలా రోజులైతే కొత్తది వేయించండి. ఆ తర్వాతే ఇంజెక్టర్ల (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాల) మాట. వాటి పనికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఫిల్టర్, హోసు లెక్కే కాదు.