మధ్యలో .డేటా రాస్తే కోడ్ రెండు ముక్కలవుతుందా?

అసెంబ్లీ కోడ్ మధ్యలో, డేటా పెట్టుకునే భాగం మొదలుపెట్టే 'సెక్షన్ .డేటా' అని రాసి మళ్ళీ ఇన్‌స్ట్రక్షన్లుండే .టెక్స్ట్‌కి వస్తే ఇన్‌స్ట్రక్షన్ల బైట్లు అసెంబ్లర్ తయారుచేసే ఆబ్జెక్ట్ ఫైల్లో విడిపోతాయా అని అడిగారు. విడిపోవు.

ఒంగోలులో డిప్లొమా పిల్లల చేత అసెంబ్లీ ల్యాబ్ చేయిస్తుంటాను. ఈ అనుమానం ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి వస్తుంది, రావాలి కూడా. మన కోడ్‌ని మెషిన్ బైట్లుగా మార్చే అసెంబ్లర్ మనం రాసిన వరసలోనే బైట్లు పేర్చదు. ఒక్కో సెక్షన్‌కి వేరే ఖాతా తెరిచి, తర్వాతి బైటు ఎక్కడ పడాలో చెప్పే లొకేషన్ కౌంటర్ దానికి సొంతంగా పెట్టుకుంటుంది.

నాస్మ్ అనే అసెంబ్లర్‌లో 32 బిట్ ప్రోగ్రామ్ ఒకటి తీసుకోండి. .టెక్స్ట్ కింద 'మూవ్ ఈఏఎక్స్, 4', 'మూవ్ ఈబీఎక్స్, 1' రాశారు. అవి బి8 04 00 00 00, బిబి 01 00 00 00 అవుతాయి, చెరో 5 బైట్లు. ఆ తర్వాత .డేటా అని, ఒంగోలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, చివర న్యూలైన్‌తో ఎంఎస్‌జీ అనే లేబుల్ కింద పెట్టారు. అది 7 బైట్లు, దాని కౌంటర్ మళ్ళీ 0 నుంచి. ఇప్పుడు .టెక్స్ట్‌కి తిరిగొచ్చి 'మూవ్ ఈసీఎక్స్, ఎంఎస్‌జీ' రాస్తే అది సరిగ్గా 0ఏ (హెక్స్‌లో పది) దగ్గర, అంటే ముందున్న పది బైట్ల వెంటనే కూర్చుంటుంది.

-ఎల్ ఆప్షన్‌తో లిస్టింగ్ ఫైల్ (ప్రతి లైను పక్కన దాని బైట్లు చూపేది) తీసి ఆ లైను చూడండి: బి9[00000000]. బ్రాకెట్లు ఉన్నాయంటే అడ్రస్ ఇంకా ఖరారు కాలేదని. ఫైళ్ళన్నిటి .టెక్స్ట్‌లనూ ఒకచోట చేర్చి అసలు అడ్రస్ నింపేది లింకర్. ఎక్కడ నింపాలో అసెంబ్లర్ .రెల్.టెక్స్ట్ అనే పట్టికలో రాసిపెడుతుంది, ఇక్కడ 0బి, బి9 పక్క బైటు. 'రీడెల్ఫ్ -ఆర్' కొడితే కనబడుతుంది. మొదటి విలువ ఇవ్వని డేటా ఉండే .బీఎస్ఎస్‌కైతే సైజు ఒక్కటే రాస్తుంది, బైట్లేమీ ఉండవు.

ఇంత వేరు చేయడం ఎందుకో తెలియాలంటే ఆ .డేటా లైను తీసేసి రన్ చేయండి. పేరు కోడ్‌లోనే పడుతుంది, మూడో మూవ్ 11 హెక్స్‌కి జరుగుతుంది. ప్రాసెసర్‌కి అది పేరని తెలియదు. పెద్ద 'ఓ' అక్షరం 4ఎఫ్, దాన్ని 'డెక్ ఈడీఐ' అనుకుని చేసేస్తుంది. తర్వాతి 'ఎన్' 6ఈ, అంటే 'అవుట్‌ఎస్‌బీ'. పోర్టుకి రాసే ఆ ఇన్‌స్ట్రక్షన్‌ని మామూలు ప్రోగ్రామ్‌కి లినక్స్ ఒప్పుకోదు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తుంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో చూస్తే ఆగింది సరిగ్గా ఆ రెండో అక్షరం దగ్గరే.