తుప్పు, తారు, పసుపు: కాన్వాసు మీదికి తెచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఇనుప రేకుల తుప్పు గుడ్డలోకి దిగిన ఆ పెద్ద బొమ్మ నాకు బాగా నచ్చింది. మనిషీ చెట్టూ ఏమీ లేకుండా, ఒట్టి మచ్చలతో అంత బరువు తేవడం తేలిక కాదు. "ఇది పెయింటింగేనా?" అని అడిగేవాళ్లకు జవాబు చెబుతూ కూర్చోకు, పని చేసుకో. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకో. నువ్వు సంతకం పెట్టి పక్కన పెట్టాక కూడా ఈ వస్తువులు మారుతూనే ఉంటాయి. ఎలా మారతాయో ముందే తెలుసుకుని వాడాలి.

తుప్పుతోనే మొదలుపెడతాను. వెనిగర్‌తో తడిపిన గుడ్డ మీద ఇనుము పెడితే రంగు త్వరగా వస్తుంది. కానీ ఆ పులుపు గుడ్డలోనే ఉండిపోతే నూలు పెళుసెక్కుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టి కసిమి అనే రంగునీళ్లు చేస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అది నల్లగా తేలుతుంది. అంత అనుభవం ఉన్న పనిలోనూ పాత గుడ్డల్లో ముందు చివికేది ఆ నలుపు ఉన్న చోటే. కాబట్టి నీకు కావలసిన రంగు రాగానే గుడ్డను వంట సోడా కలిపిన నీళ్లలో నానబెట్టి, మంచి నీళ్లలో బాగా జాడించి, పూర్తిగా ఆరబెట్టు. అయినా ఇనుము చేసే చెరుపు పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుందంతే. పైగా మీ విశాఖ గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ. పెద్ద బొమ్మలకు గుడ్డ బదులు ప్లైవుడ్ తీసుకుని, రెండు పూతల ప్రైమర్ వేసి, తుప్పు పొడిని అక్రిలిక్ మీడియంలో (రంగు లేని అక్రిలిక్ జిగురులో) కలిపి వాడితే నాకు ధైర్యంగా ఉంటుంది.

రోడ్డు తారు వాడతానన్నావు. వద్దమ్మా. తారు ఎప్పటికీ పూర్తిగా ఆరదు. మన ఎండలకు మెత్తబడి జారుతుంది, పైన వేసిన రంగు మొసలి చర్మంలా పగులుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో పూర్తి చేసిన 'మెడూసా తెప్ప'లో తారు జాతి పదార్థమే వాడాడు. ఆ బొమ్మ ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడిపోయింది, ఇప్పుడు దాన్ని వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు. నీకు కావలసింది ఆ జిగట నలుపే అయితే, నల్ల అక్రిలిక్‌లో చిక్కటి జెల్ మీడియం కలిపి చూడు.

పసుపు సంగతి వేరు. సున్నం తగలగానే ఎర్రబడే ఆ మార్పు చూడడానికి ఎంతో బాగుంటుంది, కానీ ఎండకు పసుపు నిలవదు. పెద్దవాళ్లకూ రంగు దగ్గర ఇలాంటి దెబ్బే తగిలింది. 1960లలో అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో హార్వర్డ్ యూనివర్సిటీ కోసం వేసిన పెద్ద చిత్రాల్లో లిథాల్ రెడ్ అనే ఎరుపు వాడాడు. కిటికీల వెలుగుకు అది వెలిసిపోయింది. 1979లో ఆ చిత్రాలను గోడల మీది నుంచి తీసేశారు. 2014లో మళ్లీ ప్రదర్శించినప్పుడు ప్రొజెక్టరుతో వాటి మీద రంగు వెలుగు పడేలా చేసి, మొదట్లో ఎలా ఉండేవో చూపించారు. రంగు వెలిసిపోవడమే నీ బొమ్మకు విషయమైతే పసుపు హాయిగా వాడు. కొనేవాళ్లకు మాత్రం ఆ మాట ముందే కాగితం మీద రాసి ఇవ్వు.

ఎర్రమట్టి అంత బెంగ పెట్టదు. దాని రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, ఎండకు వెలవదు. అయితే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి గుప్పెడు కూడా తేకు. అది కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలం. పునాదులు తవ్వే చోట అడిగితే కావలసినంత ఇస్తారు. మట్టిని నీళ్లలో కలిపి, తేరాక పై నీళ్లు పారబోసి, మళ్లీ కలుపు. అలా నాలుగైదు సార్లు చెయ్యి. లేకపోతే మట్టిలోని ఉప్పు కొన్నాళ్లకు పైకి తేలి తెల్లటి పూతలా కనిపిస్తుంది. ఎండాక సన్న జల్లెడ పట్టి అప్పుడు మీడియంలో కలుపు.

బొమ్మల మీద ఎపాక్సీ రెజిన్, అదే గాజులా గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం, పోస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు అన్నిటికన్నా టెన్షన్ దాని గురించే. దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ చర్మానికి పడకపోతే ఆ ఎలర్జీ జీవితాంతం వదలదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కొనుక్కో. పడుకునే గదిలో ఆ పని అసలు పెట్టుకోవద్దు. థర్మోకోల్, ప్లాస్టిక్ కాల్చి చూద్దామన్న ఆలోచన ఉంటే మానుకో. ఆ పొగ విషం.

ఇంకో మాట. కొత్తదనం వస్తువులోనే ఉండాలని లేదు. మన దేశపు అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు గైతొండే వాడింది మామూలు ఆయిల్ రంగులే. రోలర్‌తో, పాలెట్ నైఫ్‌తో వాటిని పరిచి, గీకి, తీసేసి, మళ్లీ పరిచి ఆ లోతు తెచ్చాడు. నువ్వు కూడా కొన్నాళ్లు ఒకే వస్తువు పట్టుకుని కూర్చో. ఒక బొమ్మలో తుప్పూ మట్టీ రెజినూ అన్నీ పడితే దేని గుణమూ కంటికి ఆనదు.

ఇప్పుడే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఏ కొత్త మిశ్రమమైనా అరచేయంత చెక్క ముక్కల మీద రెండేసి వెయ్యి. ఒకటి ఎండ పడే కిటికీలో, ఇంకొకటి బీరువాలో పెట్టు. వెనక తేదీ, ఏది ఎంత కలిపావో రాయి. వానాకాలం వెళ్లాక రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు పంపు. అప్పటిదాకా తుప్పు బొమ్మ ఎవరికీ అమ్మకు.

ఇట్లు,
పెదనాన్న