ఫొటో చూసి వేసిన బొమ్మ కింద సంతకం ఎవరిది?

మీ సందేహం నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఫొటో చూసి ముఖం గీశారు, బాగా కుదిరింది, కింద సంతకం పెట్టబోయి ఆగిపోయారు. అది మీ బొమ్మ అవుతుందా, ఫొటో తీసినవారిది అవుతుందా అని అడుగుతున్నారు. నేను లలితకళల కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాను. మీకున్న నిదానం అప్పట్లో నాకు లేదు, సంతకం పెట్టేశాను. ఆ తర్వాత జరిగినదే మీకు జవాబుగా రాస్తున్నాను.

రెండో సంవత్సరంలో ఒక వృద్ధుడి ముఖం వేశాను. ఫొటో మీద గళ్లు గీసి, కాగితం మీద అదే లెక్కలో పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడి నింపుకుంటూ పోయాను. మూడు వారాలు పట్టింది. గడ్డం వెంట్రుకలకే నాలుగు రోజులు. తరగతి గోడ మీద పెడితే చూసినవాళ్లందరూ ఒకటే మాట, "అచ్చం ఫొటోలా ఉంది!" పొంగిపోయాను. మెచ్చుకోలు ఎవరికి దక్కుతోందో ఆ మాటలోనే ఉందని అప్పుడు తట్టలేదు.

మా మాస్టారు మెచ్చుకోలేదు, తప్పు పట్టనూ లేదు. కాసేపు చూసి, "వెలుగు ఎడమ నుంచి ఎందుకు వస్తోంది?" అన్నారు. ఫొటోలో అలాగే ఉందండీ అన్నాను. "కుడి చెవి సగమే ఉందేం?" ఫొటోలో అంతే ఉందండీ. "ఎవరాయన?" తెలియదండీ. ఇంకేమీ అడగకుండా పక్క బొమ్మ దగ్గరకు వెళ్లిపోయారు. ఆ మూడు జవాబులూ నా నోటి నుంచే వచ్చాయి కాబట్టి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. వెలుగు ఎటు నుంచి రావాలో, ఎంత దగ్గరగా నిలబడాలో, ఏ క్షణంలో ఆ ముఖాన్ని పట్టుకోవాలో అన్నీ ఇంకొకరు నిర్ణయించారు. నేను గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టాను.

అసలు సిగ్గుపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆ ఫొటో కింది మూలలో చిన్న అక్షరాల్లో ఒక పేరు ఉండేది. ప్రింటు తీసేటప్పుడు ఆ అంచును కత్తిరించాను. గళ్లు సమంగా రావడానికి అలా చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. వారం తర్వాత తోటి విద్యార్థిని ఒకరు అసలు ఫొటో వెతికి పట్టుకుని, ఏమీ అనకుండా ఫోను నా ముందు పెట్టింది. పేరు ఉన్నచోటే ఉంది. నా బొమ్మలో సరిగ్గా అదే మూలలో నా సంతకం ఉంది.

బొమ్మ గోడ మీద నుంచి తీసేశాను. కొన్నాళ్లపాటు ఏ ఫొటోనూ, ఏ పాత చిత్రాన్నీ చూసి వేయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అది ఇంకో మూర్ఖత్వం. ఈ విద్యే చూసి వేయడంతో మొదలవుతుంది. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889, 90 సంవత్సరాలలో ఫ్రాన్స్‌లోని సేన్ రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రాల ఆధారంగా దాదాపు ఇరవై వేశాడు. తన ముందు ఉన్నవి నలుపు తెలుపు అచ్చు ప్రతులే. తమ్ముడు తియోకు రాసిన ఉత్తరాల్లో ఆ పనిని మరో భాషలోకి, రంగుల భాషలోకి అనువదించడంతో పోల్చాడు. బీథోవెన్ సంగీతాన్ని వాయించేవాడు తన సొంత వ్యాఖ్యానం కలుపుతాడు కదా, చిత్రకారుడు ఎందుకు కలపకూడదు అని వాదించాడు కూడా. ఇదేదో తప్పించుకునే మాటలా ఉందే అని మొదట అనిపించింది నాకు. నేను కూడా "వ్యాఖ్యానించాను" అనుకుంటే సరిపోయేది!

నా ఒట్టు సంగతి తెలిసి మాస్టారు ఒక పని అప్పగించారు. ఒక పాత చిత్రానికి నలుపు తెలుపు ప్రతి ఇచ్చి, అసలు చిత్రం చూడకుండా రంగుల్లో వేయమన్నారు. కిటికీ పక్కన కూర్చున్న స్త్రీ. గీతలన్నీ ఇంకొకరివే, కూర్చున్న తీరు ఇంకొకరిదే. ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. ఆమె పావడా రంగు దగ్గరే ఒక పూట గడిచింది. ఆవపిండి రంగు వేశాను. వేయగానే పక్కనున్న గోడ నీడ మురికిగా కనిపించింది. దానిలో కొంచెం ఊదా కలిపితే ముఖం పాలిపోయింది. బుగ్గ మీద ఎరుపు పెంచితే ఆమె ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు అయిపోయింది, ప్రతిలో మాత్రం ఊరికే కూర్చుని ఉంది. చివరికి అసలు చిత్రం చూపించారు. పావడా నీలం. నాది తప్పని అనిపించలేదు. ఆవపిండి రంగు ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర అరగంట కబుర్లు ఉన్నాయి. వృద్ధుడి గడ్డం గురించి ఒక్క ముక్క కూడా లేదు.

అప్పటి నుంచి నేను వాడుకునే కొలబద్ద ఇదే: బొమ్మలో ఒక్కొక్క దాన్నీ వేలితో చూపించి "ఇది ఇలా ఎందుకు ఉంది?" అని అడిగితే, "ఆధారంలో అలా ఉంది" అన్న జవాబు ఎన్నిసార్లు వస్తోంది? మీ బొమ్మ మీద ఒకసారి ప్రయత్నించండి. అన్నిసార్లూ అదే జవాబు వస్తే అది మంచి అభ్యాసం. స్కెచ్‌బుక్‌లో ఉంచుకోండి. చేయి కుదురుతుంది, నష్టమేమీ లేదు.

ఈ కొలబద్దను తలకిందులు చేసే ఉదాహరణలు ఉన్నాయని మీరు అనవచ్చు. నిజమే. కళా చరిత్ర తరగతిలో అమెరికా కళాకారిణి షెర్రీ లెవీన్ గురించి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. వాకర్ ఎవాన్స్ అనే ఫొటోగ్రాఫర్ 1936లో అమెరికా కౌలురైతు కుటుంబాలను తీసిన ఫొటోలను ఆమె ఒక పుస్తకం నుంచి మళ్లీ ఫొటో తీసి, 1981లో తన పేరుతో ప్రదర్శించింది. ఒక గీత కలపలేదు, ఒక రంగు మార్చలేదు. నా బొమ్మ గోడ దిగాలి, ఆమె మాత్రం పాఠ్యాంశం కావాలా అని లోపల రగిలిపోయాను. తరవాత మెల్లగా తెలిసింది. ఆమె ఆ పనికి పెట్టిన పేరులోనే "వాకర్ ఎవాన్స్ అనుసరణ" అని ఉంది. ఇది ఎవరిదో చూడగానే తెలియాలి, తెలిసి కూడా "మరి దీన్ని ఈమెదని ఎలా అంటాం?" అని చూసేవాడు చిరాకు పడాలి. ఆ చిరాకే ఆమె చేసిన పని. ఎవాన్స్ పేరు దాచి ఉంటే అది వట్టి దొంగతనం. నేను కత్తిరించిన అంచును ఆమె ఫ్రేము కట్టించింది. ఆ ఫొటోల ముందు నిలబడితే నాకు ఇప్పటికీ పెద్దగా ఏమీ కదలదనుకోండి, అది వేరే సంగతి.

సంతకం చూసే కళ్లను ఎంతగా మారుస్తుందో చెప్పడానికి ఇంకొకటి. బెర్లిన్‌లో బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి చిత్రం ఒకటి ఉంది. తరతరాలుగా డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గొప్ప చిత్రాల్లో ఒకటిగా పేరు. 1980లలో నిపుణులు పరిశీలించి ఇది ఆయన చేతి పని కాదు, ఆయన చుట్టూ ఉన్న చిత్రకారుల్లో ఎవరిదో అన్నారు. ఆ లోహం మీద దట్టంగా పేర్చిన పసుపు రంగు ముద్దలు అవే, వాటి మెరుపూ అదే. చూసేవాళ్ల గొంతు మాత్రం తగ్గింది. ఆ పసుపును పేర్చిన చేయి ఎవరిదో గానీ, ఎందుకు అంత మందంగా పేర్చావని అడిగితే అతని దగ్గర జవాబు ఉండేదని నా నమ్మకం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, నేను వకీలును కాను. సంతకం ఒక ప్రశ్న, అనుమతి ఇంకో ప్రశ్న. మొదటిది తేలినంత మాత్రాన రెండోది తేలదు. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ 1981లో తీసిన గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ వరుసగా చిత్రాలు చేశాడు. వాటిలో ఒకదాన్ని, ఆయన పోయాక, 2016లో ఆయన పేరిట ఉన్న సంస్థ ఒక పత్రిక ముఖచిత్రానికి ఇచ్చిన విషయంలో, 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో ఫొటోగ్రాఫర్ పక్షాన తీర్పు చెప్పింది. వార్హోల్ ముద్ర ఆ చిత్రాల మీద ఎంత గట్టిగా ఉందో తెలిసిందే, అయినా అది చాలలేదు. కాబట్టి బొమ్మను అమ్మాలన్నా, అచ్చుకు ఇవ్వాలన్నా ఫొటో తీసినవారికి ఒక ఉత్తరం రాయండి. నేను రాసిన రెండుసార్లూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకరైతే అదే రోజు తీసిన మరో నాలుగు ఫొటోలు కూడా పంపారు.

ఏఐ బొమ్మల గురించి కూడా అడిగారు. నా కొలబద్ద అక్కడా అదే. 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం ఒక కామిక్ పుస్తకం విషయంలో దాదాపు అలాంటి గీతే గీసింది. రచయిత్రి రాసిన మాటలకూ, పేజీల్లో బొమ్మలను పేర్చిన తీరుకూ రక్షణ ఉంటుందని, మిడ్‌జర్నీ అనే ఏఐ తయారుచేసిన బొమ్మలకు మాత్రం ఉండదని చెప్పింది. నేను కూడా ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. బొమ్మ వచ్చాక దాని మీద అడగడానికి నాకు వంద ప్రశ్నలు పుట్టాయి, చెప్పడానికి ఒక్క జవాబూ లేదు. వృద్ధుడి గడ్డం మళ్లీ గుర్తొచ్చింది.

ఇంతకీ ఆ తర్వాత నేను ఏం వేశానంటే, అమ్మమ్మ చేతులు. సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు. ఫొటో నేనే తీస్తే గొడవే ఉండదు కదా అని ఫోనుతో నలభై దాకా తీశాను. వేయడానికి కూర్చుంటే ఏదో తేడా కనిపించింది. దగ్గరగా పెట్టి తీయడం వల్ల ముందున్న వేళ్లు ఉబ్బి, మణికట్టు సన్నగా వెనక్కి పోయింది. అరచేతి లోపలి నీడ ఫొటోలో నల్లటి ముద్ద. వెళ్లి చూస్తే అక్కడ గోధుమ రంగు, నరం ఒకటి, పాత గాటు ఒకటి ఉన్నాయి. అంటే ఫొటో నాదైనా, ఆ నిర్ణయాలు ఫోనువి. పక్కన పెట్టేసి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

అమ్మమ్మ కదలకుండా కూర్చునే మనిషి కాదు. దారం తప్పిపోయిన ప్రతిసారీ బొటనవేలు కొత్త చోటికి వెళ్లేది. మొదటి వేలును రబ్బరుతో చెరిపాను. బొగ్గు గీత పూర్తిగా పోదు, బూడిద రంగు చార మిగులుతుంది. రెండోదాన్నీ చెరిపాను. మూడోది వేసి చూస్తే, వెనక రెండు చారలతో కలిసి ఆ చేయి దారంతో కుస్తీ పడుతున్నట్టు ఉంది. ఇంక ముట్టుకోలేదు.

మాస్టారు చూసి వేలు పెట్టి అడిగారు, "బొటనవేళ్లు మూడేమిటి?" దారం రెండుసార్లు తప్పిందండీ అన్నాను. తలూపి ముందుకు వెళ్లారు.

బొమ్మ ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మమ్మ కింద నా పేరు చదివి, "చేతులు నావి, పేరు నీదా?" అంది. వెంటనే జవాబు తోచక, పెన్సిల్ ఇచ్చి నీ పేరు కూడా రాయమన్నాను. కళ్లద్దాలు తెప్పించుకుంది. నా పేరు పక్కన ఓపికగా తన పేరు రాసింది. అప్పుడు కళ్లద్దాల్లోంచి బొమ్మ సరిగ్గా కనిపించినట్టుంది, ఆ రెండు చారల మీద గోరు పెట్టి, "ఇవి తుడిచేయి. నాకు దారం ఎక్కించడం రాదనుకుంటారు" అంది.

తుడవలేదు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.