టీఎస్‌హెచ్ పెరిగింది.. థైరాయిడ్ డోసు పెంచుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. బరువు 62 కిలోలు. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములది వేసుకుంటున్నా. ఈమధ్య టీఎస్‌హెచ్ 9.4 వచ్చింది. మందుల షాపులో 125 వాడమన్నారు. నీరసంగా ఉంటే మూడు నెలలుగా ఐరన్, క్యాల్షియం మాత్రలు కూడా పొద్దున్నే దాంతోపాటే వేసుకుంటున్నా. డోసు పెంచుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అంతట మీరు పెంచకండమ్మా. మీ ఉత్తరంలోనే కారణం కనిపిస్తోంది. ఐరన్, క్యాల్షియం రెండూ లీవోథైరాక్సిన్‌ను, అంటే మీ థైరాయిడ్ మాత్రలోని మందును, కడుపులోనే పట్టేసుకుంటాయి. మీరు మింగేది 75 అయినా రక్తంలోకి చేరేది అంతకన్నా తక్కువే. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఇప్పుడు 125కి వెళ్లి, తర్వాత ఎప్పుడో ఐరన్ మానేశారనుకోండి, ఆ మందంతా ఒంటికి పడుతుంది. గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి మొదలవుతాయి. అలాగే కొనసాగితే ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పొచ్చు. థైరాయిడ్ గ్రంథి అసలు పనిచేయని వారికే కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. మీ బరువుకు అది 100. అలాంటప్పుడు 125 ఏ లెక్కన చెప్పారో!

ముందు వేసుకునే పద్ధతి మార్చండి. లేవగానే పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకోవాలి. కాఫీ, టీ, టిఫిన్ ఏదైనా గంట తర్వాతే. ఐరన్ మధ్యాహ్న భోజనం తర్వాత, క్యాల్షియం రాత్రి భోజనంతో వేసుకోండి. థైరాయిడ్ మాత్రకు, వీటికి మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. గ్యాస్ మాత్రలు రోజూ వాడుతుంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి. అవి కూడా మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. మాత్రల సీసాను ఫ్రిజ్ మీద, పొయ్యి పక్కన పెట్టొద్దు. మన ఎండలకు మందు బలం తగ్గిపోతుంది.

ఇలా 6 నుంచి 8 వారాలు వాడాక టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంత ఉందో చూసే పరీక్ష) చేయించండి. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి పది రోజులకే పరీక్ష చేయిస్తే డబ్బు దండగ. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే 2 రోజుల ముందే ఆపండి, లేదంటే రిపోర్టు తప్పుగా రావచ్చు.

ఈలోగా నెలసరి తప్పితే మాత్రం ఆగొద్దు. గర్భం వస్తే డోసు వెంటనే పెంచాల్సి ఉంటుంది. ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నా అంతే, వెంటనే డాక్టర్‌ను కలవండి.

అప్పటికీ టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉంటే మీ డాక్టరే 12.5 లేదా 25 మైక్రోగ్రాములు పెంచుతారు. పెంచిన ప్రతిసారీ, కంపెనీ మార్చినా సరే, మళ్లీ 6 వారాలకు పరీక్ష తప్పదు.