ఏజీఐ కోసం పసిపిల్లల తెలివిని చదవడం: ఇందులో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌లో స్థిరపడాలని మొదటి నుంచీ ఆశ. ఈ మధ్య ఉన్నట్టుండి ‘మనిషి స్థాయి యంత్ర మేధ, అంటే ఏజీఐ, రావాలంటే పెద్దల తెలివిని కాదు, పసిపిల్లల తెలివిని అర్థం చేసుకోవాలి’ అంటూ పిల్లల మనసు ఎదిగే తీరును చెప్పే డెవలప్‌మెంటల్ సైకాలజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటోంది. క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారవడం మానేసింది. పీజీ సైకాలజీలో చేస్తానంటోంది. ఇది నిజంగా ఒక రంగమేనా, వయసు మోజా? దీన్ని నమ్ముకుంటే ఉపాధి ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: మోజు కాదండీ. రంగం ఉంది, అదీ చాలా పాతది. కంప్యూటర్ సైన్స్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరైన ఆలన్ ట్యూరింగ్ 1950లోనే ఈ మాట రాశారు. పెద్దవాళ్ల మనసును అనుకరించే ప్రోగ్రామ్ కోసం తంటాలు పడే బదులు, పిల్లల మనసును అనుకరించేది తయారుచేసి దానికి చదువు చెప్పొచ్చు కదా అని ఆయన ప్రశ్న. అయితే పసివాళ్ల మెదడులో ముందే అమర్చి ఉండేది బహుస్వల్పమనీ, మిగతాదంతా ఖాళీ కాగితాలేననీ ఆయన ఆశపడ్డారు. తర్వాత జరిగిన ప్రయోగాలు ఆ ఆశను బాగా తగ్గించాయి.

1985లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రెనే బయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ బృందం అయిదు నెలల పాపల ముందు ఒక చిన్న తెరను లేపుతూ, వెనక్కి వాలుస్తూ చూపించింది. తెర వెనక ఒక పెట్టె పెట్టారు. తెర లేచేసరికి పెట్టె కనబడదు. వాలే తెర పెట్టెకు తగిలి ఆగిపోతే పాపలు పెద్దగా పట్టించుకోలేదు. పెట్టె అక్కడ లేనట్టే పూర్తిగా వెనక్కి వాలిపోతే మాత్రం ఎక్కువసేపు చూశారు. కంటికి కనబడకపోయినా వస్తువు అక్కడే ఉంటుందన్న ఎరుక అంత చిన్న వయసులోనే ఉందని వాళ్లు తేల్చారు. దాని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి, అది వేరే సంగతి. మీరు గమనించాల్సింది ఆ పద్ధతిని. మాటలు రాని ప్రాణి నుంచి జవాబు ఎలా రాబట్టారో చూడండి. మీ అమ్మాయి ఉపాధికి దీనితో పెద్ద సంబంధమే ఉంది, కాసేపట్లో చెబుతాను.

పెద్దల తెలివి నుంచి మొదలుపెట్టినవాళ్లూ తక్కువేం కాదు. మనుషులకుండే ఇంగితజ్ఞానాన్నంతా నియమాలుగా రాసి యంత్రానికి ఎక్కిద్దామని డగ్లస్ లెనాట్ 1984లో ‘సైక్’ ప్రాజెక్టు మొదలుపెట్టి, జీవితమంతా దాని మీదే పనిచేశారు. 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. అప్పటికే, 1988లో, రోబో శాస్త్రవేత్త హన్స్ మొరావెక్ ఒక విడ్డూరాన్ని ఎత్తి చూపారు. తెలివితేటల పరీక్షల్లో పెద్దవాళ్ల స్థాయి సాధించడం యంత్రానికి తేలికే, చూడటంలో, కదలడంలో ఏడాది పాప స్థాయిని అందుకోవడమే గగనమని ఆయన అన్నారు.

మరి చాట్‌జీపీటీ లాంటివాటి వెనకుండే ఇప్పటి లార్జ్ లాంగ్వేజ్ మోడళ్లు (భాషా మోడళ్లు) ఏ దారిలోవి? నన్నడిగితే పద్ధతి పసివాళ్లది, మేత పెద్దలది. నియమాలు ఎవరూ రాసివ్వరు, యంత్రమే నేర్చుకుంటుంది. కానీ నేర్చుకునేది పెద్దవాళ్లు రాసి పడేసిన రాతల నుంచి. అదీ ఎంత! 2020లో వచ్చిన జీపీటీ-3 అనే మోడల్‌కు శిక్షణలో చూపించినవి సుమారు 30,000 కోట్ల టోకెన్లు, అంటే పదాలు, పదాల ముక్కలు. పదమూడేళ్లు వచ్చేలోపు ఒక పిల్ల వినే పదాలు పది కోట్లు దాటవని ఈ రంగంలోవాళ్ల అంచనా. ఆ పది కోట్లనే హద్దుగా పెట్టి, అంతలోనే భాష నేర్చే మోడల్ తయారుచేయమని 2023 నుంచి ‘బేబీఎల్ఎం’ అనే పోటీ నడుపుతున్నారు. ఈ లెక్కను మీ అమ్మాయి మీకు ఎప్పుడో అప్పజెప్పే ఉంటుంది. దాన్ని మరీ సాగదీయకూడదు. పిల్లలు వినడమే కాదు, చూస్తారు, ముట్టుకుంటారు, కిందపడేసి ఏమవుతుందో పరీక్షిస్తారు. పైగా లక్షల ఏళ్ల పరిణామం ఇచ్చిన మెదడుతో పుడతారు. యంత్రానికి అవేవీ లేవు.

పిల్లల తెలివికీ పెద్దల తెలివికీ తేడా ఎక్కడుందో తేటగా చూపిన ప్రయోగం ఒకటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆలిసన్ గోప్నిక్, ఆమె సహచరులు 2014లో ప్రచురించారు. ఒక పెట్టె మీద కొన్ని దిమ్మెలు పెడితే అది వెలుగుతుంది. ముందు ఒక జత దిమ్మెలతో చూపిస్తారు: ఏ ఒక్కటి పెట్టినా వెలగదు, ఫలానా రెండూ కలిసి ఉంటేనే వెలుగుతుంది. తర్వాత కొత్త దిమ్మెలు తెచ్చి, ఒక్కటే చాలన్నా, రెండూ కలవాలన్నా సరిపోయేలా కొన్నిసార్లు పెట్టి చూపి, ‘వీటిలో వెలిగించేవి ఏవి?’ అని అడుగుతారు. నాలుగైదేళ్ల పిల్లలు ఇంతకుముందు చూసిన నియమాన్ని పట్టుకుని, రెండూ కలవాలేమో అన్న వైపు మొగ్గారు. పెద్దవాళ్లు కళ్లెదుట చూసినదాన్ని పక్కనపెట్టి, ‘వెలిగించేది ఏదో ఒకటే అయ్యుంటుంది’ అన్న పాత అలవాటుకే అంటిపెట్టుకున్నారు. ఇదే తరహా పరీక్ష భాషా మోడళ్లకు పెట్టిన పరిశోధకులు అవీ పెద్దల పక్షమే వహిస్తున్నాయని చెప్పారు. మన రాతలు తిని పెరిగినవాటికి మన మొండితనమూ వచ్చింది, ఇందులో ఆశ్చర్యమేముంది?

అలాగని పసితనాన్ని ఆకాశానికెత్తే వ్యాసాలు చదివి మోసపోవద్దు. పిల్లలు అన్ని దారులూ తొక్కి చూడగలుగుతున్నారంటే వెనక వాళ్లకు తిండి పెట్టి, దెబ్బ తగలకుండా చూసుకునే పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి. గోప్నిక్ వాదన కూడా ఇంచుమించు ఇదే: సుదీర్ఘమైన బాల్యం వెతకడానికి, పెద్దరికం వెతికి పట్టుకున్నదాన్ని వాడుకోవడానికి. గురి తప్పకుండా పని ముగించడం, పదేళ్ల తర్వాతి సంగతి ఇప్పుడే ఆలోచించడం పెద్దల తెలివి. అది లేని యంత్రాన్ని మనం ఏ పనికీ వాడుకోలేం. కాబట్టి ‘పసిపిల్లల దారిలోనే ఏజీఐ వస్తుంది’ అని మీ అమ్మాయి గట్టిగా అంటే, అది ఇంకా రుజువు కాని మాటేనని చెప్పండి. గత కొన్నేళ్లలో కళ్లు చెదిరే ఫలితాలు ఎక్కువగా డేటా, కంప్యూటింగ్ శక్తి పెంచుతూ పోవడం వల్లే వచ్చాయి. 2024లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు ఒకే బాబు తలకు కట్టిన కెమెరా నుంచి వచ్చిన 61 గంటల వీడియోతో ఒక మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. కొన్ని పదాలను వాటి వస్తువులతో అది బాగానే జత చేసింది. ‘ఇంత కొద్ది డేటాతోనా!’ అని ఒకరు మెచ్చుకోవచ్చు. ‘ఇన్నీ కలిపి కాసిని పేర్లేగా’ అని మరొకరు పెదవి విరవొచ్చు. రెండూ న్యాయమే.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. పసిపిల్లల ప్రయోగశాలలో మనిషి నేర్చుకునేది పిల్లల గురించి మాత్రమే కాదు. ఎదుటి మేధకు నిజంగా ఏం తెలుసో, దాని మాట నమ్మకుండా కనిపెట్టే విద్య అది. పాపకు మాటలు రావు, యంత్రానికి మాటలు మరీ ఎక్కువ. రెండు చోట్లా చిక్కు ఒక్కటే. మోడల్ సరైన జవాబు చెప్పిందంటే ఆలోచించి చెప్పిందా, శిక్షణలో ఎక్కడో ఆ జవాబు చూసిందా? ఏఐ పరిశోధకుడు ఫ్రాంస్వా షోలే 2019లో ‘ఆర్క్’ అనే పరీక్ష పెట్టింది ఈ అనుమానంతోనే. ఎన్ని పనులు వచ్చని కాదు, కొత్త పనిని ఎంత తక్కువ అనుభవంతో నేర్చుకుంటుందన్నదే తెలివికి కొలత అని ఆయన వాదం. అందులోని రంగు గళ్ల చిక్కుముళ్లకు కావలసిన మూలజ్ఞానం వస్తువులు, లెక్క, ఆకారం వంటివే, అంటే పసివాళ్లలో స్పెల్కీ లాంటివాళ్లు గుర్తించినవి. 2024 డిసెంబరులో ఓపెన్ఏఐ వారి ఓ3 మోడల్ ఆ పరీక్షలో 75.7 శాతం తెచ్చుకుంది. 2025లో మరింత కఠినమైన రెండో విడత తేవాల్సొచ్చింది. కొలిచే పని ఇలా ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతూనే ఉంటుంది. మోడళ్లు కట్టేవాళ్లతో పోలిస్తే వాటిని సరిగ్గా పరీక్షించగలిగినవాళ్లు తక్కువ. కంపెనీల్లో ‘ఎవాల్యుయేషన్’ పేరుతో నడిచే బృందాలకు ఈ నైపుణ్యం కావాలి.

‘శిశు మేధ’ అని బోర్డు కట్టుకున్న ఉద్యోగాలు మాత్రం కొద్దే. అవీ ఎక్కువగా యూనివర్సిటీల్లో, పీహెచ్‌డీ తర్వాత. పీహెచ్‌డీ అంటే నాలుగు నుంచి ఆరేళ్లు. జీతం కోసం తొందరపడాల్సిన ఇల్లయితే ఈ ఒక్క సంగతి ముందుగా తేల్చుకోండి.

పీజీ సైకాలజీలోకి పూర్తిగా మారడం నాకు సమ్మతం కాదు. ప్రోగ్రామింగ్, లీనియర్ ఆల్జీబ్రా చేతిలో ఉండటమే ఆమె బలం. దాన్ని వదిలేసి కొత్త చోట మొదటి మెట్టు నుంచి ఎక్కడం ఎందుకు? మనసు పనిచేసే తీరును కంప్యూటర్ మోడళ్లతో చదివే కంప్యూటేషనల్ కాగ్నిటివ్ సైన్స్ వైపు చూడమనండి, అక్కడ ఈ రెండూ కలుస్తాయి. కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చినవాళ్లను అలాంటి ల్యాబ్‌లు ఇష్టంగానే తీసుకుంటాయి. ఆమెకు లోటుగా ఉండేది బహుశా స్టాటిస్టిక్స్, ప్రయోగ రూపకల్పన. ఒకటి రెండు ఎలెక్టివ్‌లతో ఆ లోటు పూడుతుంది. క్యాంపస్ ఇంటర్వ్యూలకూ వెళ్లమనండి. మెషిన్ లెర్నింగ్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి పీహెచ్‌డీకి వెళ్లడం ఈ రంగంలో లోపమేమీ కాదు.

ఒక పరీక్ష మాత్రం ఆమెకు తప్పనిసరి. శిశు ప్రయోగశాలలో కొన్ని వారాలు వాలంటీరుగా పనిచేయాలి. పుస్తకంలో చదివితే అంతా అద్భుతంగానే ఉంటుంది. అక్కడికెళ్తే ఎథిక్స్ కమిటీ అనుమతులు, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు, ప్రయోగం మధ్యలో ఏడుపు లంకించుకునే పాప, తెర ముందే నిద్రపోయే బాబు. ఏడ్చిన పాప డేటా లెక్కలోకి రాదు. ఒక్కో ల్యాబ్‌కు దొరికే పిల్లలు అతి కొద్దిమంది కాబట్టే ‘మెనీబేబీస్’ పేరుతో పలు దేశాల ల్యాబ్‌లు కలిసి ఒకే ప్రయోగాన్ని తలా కొంత చేస్తున్నాయి. ఈ నత్తనడక భరించగలనని ఆమెకు అనిపిస్తే సరే. భరించలేకపోతే పిల్లల్ని వదిలి యంత్రాల పరీక్షల వైపు వెళ్లొచ్చు, నేర్చుకున్నది అక్కడ పనికొస్తుంది.

దగ్గర్లో అలాంటి ల్యాబ్ లేకపోతే ‘చైల్డ్స్’ (CHILDES) డేటాబేస్ ఉంది. పిల్లలు, పెద్దలు మాట్లాడుకున్న సంభాషణల ప్రతులు అందులో అనేక భాషల్లో ఉంటాయి. దాంతో చిన్న మోడల్‌కు శిక్షణ ఇచ్చి చూడటానికి మామూలు కంప్యూటర్ చాలు. తల కెమెరా వీడియోలు మాత్రం అనుమతి పొందిన పరిశోధకులకే ఇస్తారు, వాటికి గైడ్ ద్వారానే వెళ్లాలి.

చివరి ఏడాది ప్రాజెక్టుకు నా సూచన, ఇందాక చెప్పిన దిమ్మెల ప్రయోగమే. ఉచితంగా దొరికే ఒక భాషా మోడల్‌కు అదే పరీక్ష పెట్టాలి. దిమ్మెల పేర్లు, పెట్టే వరస, నియమం మార్చి మార్చి అడగాలి. ప్రచురించిన పిల్లల, పెద్దల ఫలితాలతో పోల్చాలి. పేర్లు మారిస్తే జవాబు మారిపోతోందా అన్నది విడిగా చూడాలి, ఎందుకంటే అసలు ప్రయోగం వివరాలు మోడల్ ముందే చదివేసి ఉండొచ్చు. ఒక సెమిస్టర్‌లో అయ్యే పని. కంప్యూటర్ సైన్స్ గైడ్‌కు తోడు సైకాలజీ విభాగం నుంచి కో-గైడ్‌ను పెట్టుకునే వీలుందేమో ఇప్పుడే కనుక్కోమనండి. గైడ్‌ల కేటాయింపు అయిపోయాక మార్పించుకోవడం కష్టం.